ఇరవై తీసేస్తే

మా ఇంట్లో గోడ గడియారం ఎప్పుడూ ఇరవై నిమిషాలు ముందు ఉండేది. పాడైపోయి కాదు, మా ఆయన కావాలని అలా పెట్టాడు. ఆయన ఎర్రబస్సు డ్రైవరు. భద్రాచలం నుంచి చింతూరు వైపు అడవిలోకి వెళ్లే మొదటి బస్సు ఆయనది. ఆలస్యమైతే మెమో చేతికొస్తుందని గడియారాన్ని ముందుకు జరిపాడు. సరే, జరిపిన సంగతి ఇంటిల్లిపాదికీ తెలిశాక ఇక జరిపి ఏం లాభం? నేను పొయ్యి దగ్గర నుంచి "అయిదయింది, లేవయ్యా" అని కేక వేస్తే, ఆయన కళ్లయినా తెరవకుండా దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి, రెండు వేళ్లు చూపించి మడిచేవాడు. రెండు పదులు తీసెయ్యి అని అర్థం. తీసేసి ఆ ఇరవై నిమిషాలూ హాయిగా గురకపెట్టేవాడు.

ఒకసారి అశ్వారావుపేట నుంచి మా మరిది వచ్చాడు. రేడియోలో వార్తలు మొదలైనప్పుడు మా గడియారం చూసి, అయ్యో అన్న ఇంట్లో టైము తప్పుందే అనుకుని, ఎవరికీ చెప్పకుండా ముల్లు సరిచేసి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. మంచికే చేశాడు పాపం. మర్నాడు నేను అయిదన్నాను, ఆయన వేళ్లు మడిచాడు, బస్సు ఇంకో డ్రైవరు చేతిలో వెళ్లిపోయింది. మెమో వచ్చింది. తమ్ముణ్ణి రెండు రోజులు తిట్టిపోశాడు. నేనేమో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నవ్వు నాలుగు విధాల చేటని మా అమ్మ ఊరికే అనేది కాదు. ఆ రోజే నాకు బుద్ధి వచ్చి ఉండాల్సింది.

ఆయనకు నలభై రెండేళ్లప్పుడు, ఎనభైల మొదట్లో, డ్యూటీలోనే ముక్కునుంచి రక్తం కారింది. దవాఖానాలో చూసి బీపీ అన్నారు. రోజూ ఒక బిళ్ల వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, వారం వారం వచ్చి చూపించుకోవాలి అన్నారు. వారం వారం ఆ వరసలో నిలబడితే డిపో వాళ్లు ఎవరో ఒకరు చూడకపోరు. చూస్తే పై వాళ్ల చెవిన పడుతుంది. బండి మీదనుంచి దింపి షెడ్డులో కూర్చోబెడతారని ఈయన భయం.

"స్టీరింగ్ గుంజుకుంటే నా చేతులేం జేసుకోవాల్నే? బుట్టలల్లుకోవాల్నా?" అన్నాడు.

అప్పటికి ఆయన చేతికి ఇరవై ఏళ్లుగా స్టీరింగే తెలుసు. ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నా చేతులు ఒళ్లో నిలిచేవి కావు. ఆయన భయం నాకు అర్థమయింది, కాదనను. ఖమ్మం వెళ్లి బీపీ చూసే పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. బూడిదరంగు రేకు పెట్టె. మూత తెరిస్తే నిలువునా గాజు గొట్టం, అడుగున పాదరసం. తువ్వాల్లో చుట్టి తెచ్చిన ఆ పెట్టెను చూసి మా అత్త, "హార్మోనీ తెచ్చినవా బిడ్డా? ఈ వయసుల భజనలేంది?" అంది. నవ్వుకున్నాం. మా ఇంట్లో ఆ పెట్టె గురించి మనసారా నవ్వుకున్నది అదే మొదలు, దాదాపు అదే ఆఖరు కూడా.

ఆయన తన చేతికి తానే పట్టీ చుట్టుకుని, స్టెతస్కోపు గొట్టాలు చెవుల్లో పెట్టుకుని చాలా తంటాలు పడ్డాడు. ఆ రోజుల్లో బస్సు ఇంజను డ్రైవరు పక్కనే ఉండేది. ఇరవై ఏళ్లు ఆ రొద విన్న చెవులవి.

"నాకు బండి సప్పుడే ఇనవడ్తంది," అని తీసి నా ఒళ్లో పడేశాడు. "నువ్వు నేర్చుకో. నీ చెవులు మంచిగున్నయ్. పక్కింటోళ్లు గుసగుసలాడినా ఇనవడ్తది నీకు."

దవాఖానాలో ఒక సిస్టరమ్మ ఉండేది. కోస్తా నుంచి వచ్చింది, మాటలో తీపి, చేతిలో కరుకు. రెండు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి నేర్పింది. "ఈ రబ్బరు బుడ్డి నొక్కి పాదరసాన్ని పైకి పంపు. మెల్లగా దించు. టక్కుమని మొదలైన చోట పై అంకె, చప్పుడు ఆగిపోయిన చోట కింది అంకె. అంతే అమ్మాయ్, బ్రహ్మవిద్యేం కాదు." వెళ్తుంటే మళ్లీ పిలిచి మరీ చెప్పింది. "అంకె బాగుందని బిళ్ల మానిపించకు. బిళ్ల వేసుకుంటున్నాడు కాబట్టే అంకె బాగుంటుంది. రోజూ వెయ్యాలి."

నాకు అర్థమయింది. మా ఆయనకే అర్థం కాలేదు. కాలేదనడం తప్పేమో, ఆయన బాధ ఆయనకుంది. ఆ బిళ్ల వేసుకుంటే తల బరువెక్కి, కళ్లు మూతపడేవి. అడవి దారిలో మలుపు మలుపుకీ ఎదురుగా ఏదో ఒకటి వస్తుంది, కట్టెల బండో, గొడ్ల మందో. వెనక నలభై మంది ప్రాణాలు. అందుకని తనకు తానే ఒక చట్టం రాసుకున్నాడు. పై అంకె నూట అరవై దాటితే బిళ్ల, దాటకపోతే లేదు. నేను సిస్టరమ్మ మాట ఎంత చెప్పినా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

రోజూ పొద్దున బయలుదేరే ముందు వసారాలో చాప మీద కూర్చుని చెయ్యి చాపేవాడు. నేను చూసి చెప్పేదాన్ని. నూట యాభై. నూట నలభై ఎనిమిది. "సాలు, మంచిగుంది," అని చొక్కా తొడుక్కుని వెళ్లిపోయేవాడు. బిళ్ల నా అరచేతిలోనే ఉండిపోయేది. నాలుగు రోజులు బిళ్ల పడకపోతే అయిదోరోజు నూట ఎనభై. అప్పుడు రెండు బిళ్లలు మింగి ముఖం మాడ్చుకునేవాడు. ఇలా రెండు నెలలు చూశాను. నా ఒళ్లు మండిపోయింది.

మూడో నెలలో ఒకరోజు పాదరసం నూట నలభై ఐదు దగ్గర టక్కుమంది. నా నోటినుంచి "నూట అరవై ఐదు" అని వచ్చింది.

ముందుగా అనుకున్నది కాదు. గోడ మీద గడియారం ఎదురుగానే ఉంది, దాన్ని చూసి అన్నానేమో కూడా తెలియదు. ఆయన నిట్టూర్చి చెయ్యి చాపాడు. బిళ్ల పెట్టాను. మింగాడు. అంత తేలికైన పని ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదా అనుకున్నాను.

ఇంక ఏడాది పాటు అదే. ఎంత వచ్చినా ఇరవై కలిపేదాన్ని. పెట్టె సంగతి తెలిసి వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేతులు చాపేవారు. వాళ్లందరికీ ఉన్న అంకే చెప్పాను, ఒక్క చుక్క ఎక్కువ తక్కువ లేకుండా. మొగుడికే అబద్ధం చెప్పాను. కానీ ఆ ఏడాది ఆయన రోజూ బిళ్ల వేసుకున్నాడు. ఒకటి రెండు నెలలకే ఒళ్లు అలవాటు పడి మగత కూడా తగ్గింది. ముఖంలో కళ వచ్చింది. కూరలో ఉప్పు తగ్గించినందుకు మాత్రం సణుగుడు ఆగలేదు. "ఉప్పుకారం తింటేనే మనిషికి రోషం. నా రోషం గూడ బంద్ జేసినవ్ గదనే," అనేవాడు. రోషం తగ్గితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని నేనూ అనేదాన్ని.

తర్వాతి ఏడు డిపోలో అందరికీ ఆరోగ్య పరీక్షలు చేశారు. ఆ మధ్యాహ్నం ఆయన నేరుగా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే చాప పరుచుకుని చెయ్యి చాపాడు.

"సూడు," అన్నాడు.

ఇదేంటి ఈ వేళప్పుడు అనుకుంటూనే చూశాను. నూట నలభై నాలుగు. "నూట అరవై నాలుగు," అన్నాను, అలవాటుగా.

ఆయన నా ముఖంలోకి చూసి ముసిముసిగా నవ్వాడు. "డాక్టరేమో నూట నలభై, ఫస్టుక్లాసు అన్నడు. ఎంత కలుపుతున్నవే?"

భూమి చీలితే దిగిపోదును. "ఇరవై," అన్నాను నెమ్మదిగా.

కొడతాడేమో అనుకున్నాను. ఎన్నడూ చెయ్యెత్తిన మనిషి కాదు, అయినా అనుకున్నాను. ఆయన మాత్రం పొట్ట పట్టుకుని పడీ పడీ నవ్వాడు. "గడియారానికి నేను కలిపిన. నాకు నువ్వు కలిపినవ్. ఇద్దరం ఇద్దరమే!" అన్నాడు.

"నవ్వు, నవ్వు. ఆ ఇరవై కలపబట్టే ఇవాళ నీకు ఫస్టుక్లాసు వచ్చింది," అన్నాను, ఉక్రోషం ఆగక.

"అవ్, గదైతే నిజమే," అని ఒప్పుకున్నాడు కూడా. ఇకమీదట కలపనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. అయినా ఆ మర్నాటి నుంచి నేను ఏ అంకె చెప్పినా ఆయన చెయ్యి పైకి లేచేది. రెండు వేళ్లు చూపించి మడిచేవాడు. నిజంగానే నూట డెబ్బై వచ్చినా సరే, మడిచిన వేళ్లతో అది నూట యాభై అయిపోయేది. నూట యాభైకి ఆయన చట్టంలో బిళ్ల లేదు. మళ్లీ మొదటికే వచ్చింది వ్యవహారం. మొదటికి అంటే తక్కువే, అంతకంటే అధ్వాన్నం. ఇదివరకు నూట అరవైకి వేసుకునేవాడు, ఇప్పుడు నేను నూట ఎనభై అంటేగాని బిళ్ల నోట్లో పడదు.

నేను ఒట్టు నిలబెట్టుకుంటే కొన్నాళ్లకైనా నమ్మేవాడేమో. నిలబెట్టుకోలేదు. ఎండాకాలంలో మా అత్త కొత్తావకాయ కలిపి, నేను బావి దగ్గరకు వెళ్లిన సందు చూసి కొడుక్కి పెద్ద ముద్ద కలిపి పెట్టింది. నేను వచ్చేసరికి తల్లీకొడుకులు వేళ్లు నాకుతున్నారు. ఆ కోపంలో మర్నాడు ముప్పై కలిపి చెప్పాను. ఆయనకు అనుమానం వచ్చి, ఎవరూ లేని వేళ చూసి సిస్టరమ్మ దగ్గరికి వెళ్లి చూపించుకున్నాడు. ఇంటికి వచ్చి ఈసారి నవ్వలేదు.

"నీ ఒట్టు దీసి గట్టు మీద పెట్టు," అన్నాడు. అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఆయన డ్యూటీకి వెళ్లినన్నాళ్లూ నేను మళ్లీ కలపలేదు. దేవుడి పటం ముందు చెప్పమన్నా చెప్తాను. కానీ అది ఆయనకెలా తెలుస్తుంది? చెవులు నావి. పాదరసం కళ్లెదుట కనిపిస్తుంది గాని, ఎక్కడ టక్కుమందో నాకు తప్ప ఇంట్లో ఇంకెవరికీ వినపడదు. సిస్టరమ్మకు బదిలీ అయింది. చెప్పించడానికి ఇంకొకరు లేరు. డిపో డాక్టరును అడగమంటే, నా నోటితో నేను నా ఉద్యోగం పోగొట్టుకోవాల్నా అన్నాడు.

ఆ ఏడు వానాకాలంలో గోదారి పొంగి, చింతూరు దారి నాలుగు రోజులు తెగిపోయింది. అయిదో రోజు నీళ్లు తీశాయి. నేను ఏ అంకె చెప్పినా నమ్మక, ఆయన అప్పటికి మూడు వారాలుగా బిళ్ల ముట్టలేదు. లేస్తూనే మెడ వెనక పట్టేసినట్టుంది అన్నాడు. చాప మీద కూర్చోబెట్టాను. బుడ్డి నొక్కి పాదరసాన్ని ఎప్పుడూ పంపేంత ఎత్తుకు పంపాను. దించడం మొదలుపెట్టకముందే చెవిలో టక్ టక్ మంటోంది. ఇంకా పైకి పంపాను. రెండో చేతికి కట్టి మళ్లీ చూశాను. అదే.

"రెండు వందల ఇరవై," అన్నాను. "ఇవాళ డ్యూటీ వద్దయ్యా. దవాఖానాకు పోదాం పద."

ఆయన రెండు వేళ్లు మడిచాడు.

"ఇరవై తీసినా రెండు వందలు! అది మాత్రం తక్కువా?" అని అరిచాను.

"ఈసారి అరవై కలిపినవేమో. నువ్వేమన్న తక్కువదానివా?" నవ్వుతూనే అన్నాడు. "నాలుగు రోజుల సంది జనం ఆగమైతుండ్రే. ఆడ ఊళ్లల్ల ఉప్పు లేదు, కిరసనాయిలు లేదు. మొదటి బండి నాదేనాయె."

లోపల నిద్రపోతున్న పిల్లల మీద ఒట్టు అన్నాను. చచ్చిపోయిన మా నాన్న మీద ఒట్టు అన్నాను. గొట్టాలు తీసి ఆయన చెవుల్లో నేనే పెట్టి, నువ్వే విను అన్నాను. ఆయన నిజంగానే కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. "బండి సప్పుడే," అని తీసేశాడు. ఖాకీ చొక్కా తీసి నా వెనక దాచుకున్నాను. చిన్నపిల్లలా దాచుకున్నాను. ఆయన దగ్గరికొచ్చి నా చేతిలోంచి మెల్లగా లాక్కుని తొడుక్కున్నాడు.

"సరే, ఆ బిళ్ల గిట్లియ్యి. నీ కోసం ఏస్కుంట," అన్నాడు.

ఇచ్చాను. నోట్లో వేసుకున్నట్టు చెయ్యి పైకెత్తి, చెంబెడు నీళ్లు తాగాడు. నా మనసు కొంచెం కుదుటపడింది. వెళ్లనిచ్చాను.

మధ్యాహ్నం అన్నం దించుతుంటే ఆయనతో వెళ్లిన కండక్టరు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, భుజానున్న సంచి పట్టీ మెలిపెడుతున్నాడు.

"వదినా, అన్న బండి సక్కగ మన బస్టాండ్ల తెచ్చి ఆపిండు. బ్రేకు గుంజిండు, ఇంజను బంద్ జేసిండు, జనమంతా దిగిండ్రు. ఆఖరుకు నేను దా అన్నా దిగుదాం అంటే, మాట రాలే. ఒక దిక్కుకు ఒరిగిండు. దవాఖానల ఏసినం, జల్దీ రా."

బస్సులో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. విన్నప్పుడల్లా కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

దవాఖానాలో చొక్కా విప్పి నా చేతికిచ్చారు. పై జేబులో, ఒక టిక్కెట్టు ముక్కలో చుట్టి, నేను పొద్దున ఇచ్చిన బిళ్ల ఉంది. వరద కోసేసిన దారిలో కునుకు పడుతుందని భయపడి ఉంటాడు. తిరిగొచ్చాక వేసుకుందామనుకున్నాడేమో. ఖమ్మం తీసుకెళ్లాక అక్కడి డాక్టరు అడిగాడు, పొద్దున బీపీ ఎంత ఉందో ఏమైనా తెలుసా అని. చెప్పాను. ఎవరు చూశారన్నాడు. నేనే అన్నాను.

"తెలిసి ఎట్ల పంపించినవమ్మా?" అన్నాడు.

చదువుకున్నవాడు, అడిగే ప్రశ్నే అడిగాడు. నమ్మలేదండీ అనాలా? నమ్మకుండా చేసింది నేనేనండీ అనాలా? తల వంచుకుని ఆ చొక్కా మడతపెట్టాను.

ఆయన ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఎడమ చెయ్యి మిగిలింది. ఇంటికి తెచ్చిన రోజు గడియారాన్ని సరైన టైముకు తిప్పాను, ఇక అందుకోవాల్సిన బస్సు లేదు గనక. బిళ్ల నేనే పొడి చేసి రోజూ తేనెలో కలిపి నాకించేదాన్ని. కాదనే నోరు లేదు కదా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. నూట ముప్పై, నూట ముప్పై రెండు, నూట ఇరవై ఎనిమిది. ఆయన నడుస్తూ తిరుగుతున్న రోజుల్లో అంత మంచి అంకెలు ఒక్కసారి కూడా రాలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున మొదటిసారి చూసి, "నూట ముప్పై," అన్నాను. ఆయన ఎడమ చెయ్యి మంచం మీదనుంచి మెల్లగా లేచింది. రెండు వేళ్లు చూపించి మడిచాడు.

"కలపలేదయ్యా, నీ మీద ఒట్టు," అన్నాను. ఆయన నన్నే చూస్తున్నాడు. నోరు ఒకవైపుకు వంకరపోయాక, ఆ ముఖంలో ఉన్నది నవ్వో కోపమో పోల్చుకునే వీల్లేకపోయింది. అప్పటినుంచి ప్రతి పొద్దునా అదే వరస. నేను అంకె చెప్పడం, ఆయన వేళ్లు మడవడం. ఎగతాళా? నిష్ఠూరమా? నిన్ను ఎన్నటికీ నమ్మను అనడమా? ఆరేళ్లు అడిగాను. కొన్నిసార్లు ఏడ్చి అడిగాను, కొన్నిసార్లు విసుక్కుని, "మడువు, మడువు, జీవితాంతం మడుచుకో," అని తిట్టి మరీ అడిగాను. జవాబు చెప్పే నోరు ఆయనకు లేదు. మా అత్త మంచం పక్కన కూర్చుని, "వాడు నిన్ను ఆడిస్తుండు బిడ్డా, పరాచికం," అనేది. నాకు అలా అనుకునే ధైర్యం రాలేదు.

ఆఖరు చలికాలంలో ఆయనకు జ్వరం పట్టుకుని, ఛాతీలోకి దిగింది. డాక్టరు ఇంటికి వచ్చి చూసి, ఇక ఎక్కడికీ కదపొద్దన్నాడు. మూడో రోజు పొద్దున, ఎండ వసారాలోకి వచ్చాక, పెట్టె తెరిచాను. ఎందుకు తెరిచానో నాకే తెలియదు, ఆ పని లేకుండా మా ఇద్దరికీ పొద్దు మొదలయ్యేది కాదు. పట్టీ చుట్టాను. ఆ చెయ్యి సన్నబడి పట్టీ రెండు చుట్లు ఎక్కువ తిరిగింది. పాదరసం దిగుతోంది, దిగుతోంది, చప్పుడే లేదు. ఎనభై దగ్గర, ఎక్కడో దూరంగా, సన్నగా టక్కుమంది.

ఆయన కళ్లు తెరిచి నా వంక చూస్తున్నాడు. ఎంత అని కళ్లతోనే అడుగుతున్నాడు.

"నూట ముప్పై," అన్నాను. "బాగుందయ్యా. శుభ్రంగా ఉంది."

ఆవకాయ నాటి తర్వాత నేను కలిపింది ఆ ఒక్కసారే. యాభై కలిపాను. కలిపి, ఆ ఎడమ చెయ్యి లేస్తుందని దాని వంకే చూస్తూ కూర్చున్నాను. మడువయ్యా, ఈసారి మడువు, ఈసారి నీదే నిజం అని లోపల మొత్తుకున్నాను. చేతిలో సత్తువ లేకనో, లేక నన్ను నమ్మాడో. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు మాత్రం వేళ్లు మడవలేదు.